టీవీ లేకుండా పాత గేమ్ క్యాసెట్లు ఆడటానికి తక్కువ ఖర్చు మార్గం ఏది?

పెట్టెలో_పదకొండు:

అందరికీ నమస్కారం. ఈమధ్య ఇల్లు సర్దుతుంటే, చిన్నప్పుడు మా అన్నయ్యా నేనూ ఆడుకున్న వీడియో గేమ్ క్యాసెట్లు ఒక అట్టపెట్టెలో దొరికాయి. మొత్తం పదకొండు ఉన్నాయి. ఏడు వెడల్పాటి పెద్ద క్యాసెట్లు, మూడు గేమ్‌బాయ్ క్యాసెట్లు (టెట్రిస్, సూపర్ మారియో ల్యాండ్, పోకెమాన్ రెడ్), ఒకటి వాటిలో సగం ఎత్తు మాత్రమే ఉన్న గేమ్‌బాయ్ అడ్వాన్స్ క్యాసెట్. పెద్దవి ఆడే కన్సోల్ కూడా అదే పెట్టెలో ఉంది కానీ దాని అడాప్టర్ లేదు. గేమ్‌బాయ్ ఎప్పుడో పోయింది.

మా ఇంట్లో టీవీ లేదు. కొనే ఉద్దేశం లేదు, కొన్నా పెట్టే చోటు లేదు. ఉన్నదల్లా ఒక ల్యాప్‌టాప్. కన్సోల్ వెనక పసుపు, తెలుపు రంగుల గుండ్రటి సాకెట్లు రెండు ఉన్నాయి కాబట్టి, వాటిని హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న పెట్టె ఒకటి కొని ల్యాప్‌టాప్‌కు కలుపుదామని అనుకుంటున్నాను. అలా కాకపోతే క్యాసెట్లు నేరుగా పెట్టుకుని చేతిలో పట్టుకుని ఆడే యంత్రం ఏదైనా కొనాలి. ఈ రెంటిలో దేనికి తక్కువ ఖర్చు అవుతుందో, ఏది నిజంగా పని చేస్తుందో అనుభవమున్నవారు చెప్పగలరు. ఆటలు ఇంటర్నెట్ నుంచి దింపుకుని ఆడవచ్చని నాకు తెలుసు. నాకు కావలసింది ఈ క్యాసెట్లతోనే ఆడటం.

టంకం_కడ్డీ:

ఆ పెట్టె ఇంకా కొనలేదు కదా, ఆగండి. ల్యాప్‌టాప్‌కు ఉండే హెచ్‌డీఎంఐ సాకెట్ దాదాపు ఎప్పుడూ బొమ్మను బయటికి పంపేదే తప్ప లోపలికి తీసుకునేది కాదు. తీగ చక్కగా దూరుతుంది, తెర మీద మాత్రం ఏమీ రాదు. అదే పెట్టెను విడి కంప్యూటర్ మానిటర్‌కు కలిపితే పని చేస్తుంది, ఎందుకంటే మానిటర్ సాకెట్ బొమ్మను తీసుకోవడానికే ఉన్నది.

ల్యాప్‌టాప్‌నే తెరగా వాడాలంటే యూఎస్‌బీకి తగిలించే వీడియో క్యాప్చర్ పరికరం కావాలి. అవి చవకగానే దొరుకుతాయి, నేనూ వాడాను. కానీ బొమ్మ ముందు ఆ పరికరంలోకి, అక్కడి నుంచి యూఎస్‌బీ మీదుగా కంప్యూటర్‌లోకి, ఆ తరువాత ఒక సాఫ్ట్‌వేర్ కిటికీలోకి రావాలి కాబట్టి, మీరు బటన్ నొక్కిన తరువాత కాసేపటికి గానీ మారియో ఎగరడు. సెకనుకు 60 ఫ్రేములు వచ్చే ఆటలో ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. ఇలాంటి చవక పరికరాల్లో ఆలస్యం కొన్ని ఫ్రేములు ఉంటుంది. పజిల్ ఆటలో దాన్ని ఓర్చుకోవచ్చు, గోతుల మీదుగా దూకే ఆటలో ఓర్చుకోలేము.

మరొక ముఖ్యమైన మాట. ఇంట్లో ఉన్న ఏ అడాప్టర్ పిన్ను సరిపోతే దాన్ని గుచ్చేయకండి. నింటెండో జపాన్‌లో అమ్మిన కన్సోల్ ఫ్యామికాం. దాని అసలు అడాప్టర్ 10 వోల్టుల డీసీ ఇస్తుంది, దాని పిన్ను మధ్యభాగం మైనస్. దాని అమెరికా రూపమైన ఎన్ఈఎస్ అడాప్టర్ 9 వోల్టుల ఏసీ ఇస్తుంది. సెగా కంపెనీ కన్సోల్ మెగా డ్రైవ్ మొదటి మోడల్‌కు మధ్య పిన్ను మైనస్ అయితే, రెండో మోడల్‌కు ప్లస్. ఏసీ ఇచ్చే అడాప్టర్‌ను డీసీ కన్సోల్‌కు పెట్టి ఒక బోర్డును కాల్చిన ఘనుణ్ణి నేనే. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది.

మీ కన్సోల్ అడుగున అంటించిన చీటీ మీద ఏమి రాసి ఉందో, పెద్ద క్యాసెట్లకు మొత్తం ఎన్ని పిన్నులు ఉన్నాయో లెక్కపెట్టి చెప్పండి. మిగతా సలహా దాన్నిబట్టి ఉంటుంది.

రెండు_సెల్లులు:

పెద్ద క్యాసెట్ల సంగతి తెలిసినవారు చూసుకుంటారు. గేమ్‌బాయ్ క్యాసెట్లకు మాత్రం మీరు టీవీ గురించి ఆలోచించవలసిన అవసరమే లేదు. మీ నాలుగు క్యాసెట్లనూ ఒకే యంత్రం ఆడిస్తుంది. అది 2001లో వచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్, లేదా 2003లో వచ్చిన దాని మడత రూపం ఎస్‌పీ. ఈ రెండూ మొదటి గేమ్‌బాయ్, గేమ్‌బాయ్ కలర్, అడ్వాన్స్ క్యాసెట్లు మూడింటినీ తీసుకుంటాయి. పైగా గేమ్‌బాయ్ క్యాసెట్లకు ప్రాంతాల వారీ తాళం లేదు కాబట్టి, ఏ దేశంలో అమ్మిన క్యాసెట్ అయినా ఏ దేశపు యంత్రంలోనైనా నడుస్తుంది.

చవకగా దొరుకుతోంది కదా అని చాలామంది నింటెండో డీఎస్ లైట్ కొంటారు. అడుగున ఉన్న రెండో గూటిలో అడ్వాన్స్ క్యాసెట్ పడుతుంది, తెర కూడా వెలుగుతో చక్కగా ఉంటుంది. కానీ అందులో పాత గేమ్‌బాయ్ క్యాసెట్లు ఆడవు, కాబట్టి మీ టెట్రిస్ బయటే మిగిలిపోతుంది. 2005లో వచ్చిన గేమ్‌బాయ్ మైక్రోదీ ఇదే కథ. డీఎస్ఐకి వచ్చేసరికి ఆ రెండో గూడే తీసేశారు.

సాదా అడ్వాన్స్‌కూ ఎస్‌పీకీ తేడా వెలుగులో ఉంది. సాదా యంత్రం తెరకు సొంత వెలుగు లేదు. కిటికీ దగ్గరో దీపం కిందో కూర్చుని, యంత్రాన్ని అటూ ఇటూ వంచుకుంటూ ఆడాలి. ఎస్‌పీలో రెండు రకాలున్నాయి. వెనక చీటీ మీద ఏజీఎస్-001 అని ఉంటే తెరకు ముందు నుంచి పడే పలచని వెలుగు, ఏజీఎస్-101 అని ఉంటే వెనక నుంచి వచ్చే మంచి వెలుగు. చీటీ చిరిగిపోయి ఉంటే వెలుగు బటన్ నొక్కి చూడండి. దీపం పూర్తిగా ఆరిపోతే అది 001, ఆరకుండా ఎక్కువా తక్కువా మాత్రమే అయితే 101. ఈ చివరిదాన్ని అందరూ వెతుకుతారు కాబట్టి ధర కూడా అలాగే ఉంటుంది.

అంత ధర వద్దనుకుంటే నా ఓటు సాదా అడ్వాన్స్‌కే. రెండు ఏఏ సెల్లులు వేస్తే 15 గంటల దాకా నడుస్తుంది. ఎస్‌పీలో ఉన్నది ఇరవై ఏళ్ల నాటి లిథియం బ్యాటరీ, అది ఉబ్బి ఉంటే మార్చాలి. దానికి మామూలు ఇయర్‌ఫోన్ సాకెట్ కూడా లేదు. పాత యంత్రం ఏది కొన్నా సెల్లుల గూడు మూత తీసి, స్ప్రింగుల మీద పచ్చటి లేదా తెల్లటి పొడి ఉందేమో చూడకుండా కొనకండి.

పెట్టెలో_పదకొండు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. లెక్కపెట్టాను. పెద్ద క్యాసెట్లకు ఒక్కో వైపు 30 చొప్పున మొత్తం 60 పిన్నులున్నాయి. కన్సోల్ అడుగున "డీసీ 9 వోల్టులు" అని ఉంది, పక్కన చిన్న బొమ్మలో మధ్య చుక్క మైనస్‌కు కలిపి ఉంది. తయారీదారు పేరు ఎక్కడా లేదు. ఒక క్యాసెట్ పైడొప్పలు వదులుగా ఉంటే విప్పి చూశాను. అరచేతి వెడల్పు బోర్డు, దాని మధ్యలో గట్టిపడిన తారు బొట్టు లాంటి నల్లటి గుండ్రటి ముద్ద, అంతే. చిప్పు ఏదీ కనబడలేదు. చెడిపోయిందంటారా?

టంకం_కడ్డీ:

చెడిపోలేదు. ఆ నల్ల ముద్ద కిందనే చిప్పు ఉంది. చిప్పును పెట్టెలో అమర్చకుండా నేరుగా బోర్డు మీద అతికించి పైన ఎపాక్సీ పోస్తారు. చవక క్యాసెట్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. మీది 1983లో జపాన్‌లో వచ్చిన ఫ్యామికాం నమూనాకు నకలు. అమెరికాలో 1985లో వచ్చిన ఎన్ఈఎస్ క్యాసెట్లకు 72 పిన్నులుంటాయి. కాబట్టి మీరు ఏ యంత్రం కొన్నా "ఎన్ఈఎస్ క్యాసెట్లు ఆడిస్తుంది" అని రాసి ఉంటే చాలదు. అందులో మీ 60 పిన్నుల క్యాసెట్ పట్టదు, నడుమ మార్పిడి ముక్క కావాలి.

60 పిన్నుల గూడు ఉన్న చేతి క్లోన్లు, అంటే నకలు యంత్రాలు, ఉన్నాయి, నా దగ్గరా ఒకటి ఉంది. ఒకే చిప్పులో కన్సోల్ మొత్తాన్ని ఇరికించిన యంత్రాలవి. మారియో లాంటి సాదా ఆటలు బాగానే నడుస్తాయి. చాలావాటిలో పాట గొంతు మారుతుంది, ఎందుకంటే చిప్పు పుట్టించే ధ్వనుల్లో రెండు రూపాలు ఒకదాని చోట మరొకటి వస్తాయి. బాగా తెలిసిన పాట కూడా ఎవరో జలుబు చేసి పాడినట్టు వినిపిస్తుంది. క్యాసెట్ లోపల ప్రత్యేక చిప్పు ఉన్న ఆటలతో మరో ఇబ్బంది. ఎంఎంసీ5 చిప్పు వాడిన అమెరికా క్యాసిల్‌వేనియా 3 చాలా క్లోన్లలో సరిగా నడవదు. మీ క్యాసెట్లు కూడా నకళ్లే కాబట్టి ఆ బెడద మీకు ఉండకపోవచ్చు. కానీ కన్సోల్ చేతిలో ఉండగా మరో క్లోన్ కొనడం ఎందుకో నాకు అర్థం కావడం లేదు. మీకు లేనిది తెర ఒక్కటే కదా.

చిన్నతెర:

ఆ తెర గురించే చెబుతాను. కారు వెనక్కి తీసేటప్పుడు కెమెరా బొమ్మ చూపడానికి డ్యాష్‌బోర్డు మీద పెట్టే చిన్న ఎల్‌సీడీ మానిటర్లు ఉంటాయి కదా, 4.3 అంగుళాలవి, 7 అంగుళాలవి. వాటికి ఉండేది మీ కన్సోల్ వెనక ఉన్న పసుపు సాకెట్‌కు సరిపోయే కాంపోజిట్ వీడియో (బొమ్మ మొత్తం ఒకే తీగ మీద వచ్చే పద్ధతి) తీగే. 12 వోల్టుల మీద నడుస్తాయి. 1 ఆంపియర్ ఇవ్వగల 12 వోల్టుల అడాప్టర్ ఉంటే చాలు, కారు అక్కరలేదు. ఇలాంటి 7 అంగుళాల తెర మీద నేను నాలుగేళ్లుగా ఆడుతున్నాను. పని అయ్యాక పుస్తకాల అరలో నిలబెట్టేస్తాను.

మూడు విషయాలు ముందే తెలుసుకోండి. వీటిలో చాలావాటికి స్పీకర్ ఉండదు. కన్సోల్ తెల్ల సాకెట్ నుంచి ధ్వనిని విడిగా ఒక చిన్న పవర్డ్ స్పీకర్‌కు తీసుకెళ్లాలి, దానికి ఒకవైపు ఆ గుండ్రటి సాకెట్‌లో పట్టే ఆర్‌సీఏ పిన్ను, మరోవైపు 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న తీగ కావాలి. రెండవది, చాలా తెరలకు వీడియో తీగలు రెండుంటాయి. అందులో ఒకటి కారు రివర్స్ గేరు తీగకు కరెంటు వచ్చినప్పుడు మాత్రమే మేల్కొంటుంది. మీరు దాంట్లో పెట్టి బొమ్మ రాలేదని కంగారుపడకండి, రెండోదాంట్లో పెట్టండి. మూడవది, తెర మీద కాల్చే తుపాకీ ఆటలు పనిచేయవు. ఆ తుపాకీ పాత గాజుతెర గీసే వెలుగు సమయాన్ని పట్టుకునేట్లు తయారైంది, ఎల్‌సీడీ అలా గీయదు.

కన్సోల్ వెనక పసుపు సాకెట్ లేకుండా యాంటెన్నా తీగ మాత్రమే ఉన్నవారికి ఈ మార్గం కుదరదు. మొదటి ఫ్యామికాం అలాంటిదే, అది టీవీ ఛానెల్ మీదే బొమ్మ పంపుతుంది, ఈ చిన్న తెరల్లో ట్యూనర్ ఉండదు. పెట్టెలో_పదకొండు గారు ఆ విషయంలో అదృష్టవంతులు.

అరవై_హెర్ట్జ్:

చిన్నతెర గారి మాటను తీసేయడం లేదు కానీ బొమ్మ నాణ్యత గురించి ఎవరూ మాట్లాడలేదు. ఈ కన్సోళ్లు పంపేది 240 గీతల బొమ్మ, ప్రతి ఫ్రేములోనూ అవే గీతలు. చవక మార్పిడి పెట్టెలు దాన్ని టీవీ ప్రసారంలా ఒకటి విడిచి ఒకటి అల్లిన 480 గీతలుగా పొరబడి కలపడానికి చూస్తాయి. అందువల్లే కదిలే బొమ్మల అంచులు దువ్వెన పళ్లలా చీలుతాయి, దెబ్బ తగిలిన పాత్ర మిణుకుమిణుకుమనవలసినప్పుడు అసలు కనబడకుండా పోతుంది. ఈ సంగతి తెలిసి పనిచేసే మంచి స్కేలర్లు (బొమ్మను కొత్త తెరకు తగ్గట్టు పెంచే పెట్టెలు) ఉన్నాయి. ఇంత చూసుకునేవారు కన్సోల్‌నే మార్చుకుని, ఎఫ్‌పీజీఏ (పాత యంత్రపు చిప్పులా మలచుకోగల చిప్పు) మీద నడిచే అనలాగ్ పాకెట్ అనే చేతి యంత్రం లాంటిది తీసుకోవడం మేలని నా అభిప్రాయం. దాని 1600×1440 తెరలో గేమ్‌బాయ్ 160×144 బొమ్మ నిలువూ అడ్డమూ సరిగ్గా పదింతలై నిలుస్తుంది. ఎక్కడా సాగదు, మసకబారదు.

చిన్నతెర:

మీరు చెప్పినది నిజమే, కాకపోతే ప్రశ్నలో "తక్కువ ఖర్చు" అన్న మాట ఉంది. స్కేలర్ ధర కన్సోల్ ధరను మించిపోతే అసలు కంటే కొసరు ఎక్కువైనట్టే. పాకెట్‌లో వారి 60 పిన్నుల క్యాసెట్లు పట్టవు కూడా. కారు తెరకు కాంపోజిట్ సంకేతం నేరుగా వెళ్తుంది, నడుమ హెచ్‌డీఎంఐ పెట్టె లేదు కాబట్టి ఆలస్యం నాకు ఆటలో తెలియడం లేదు. బొమ్మ కాస్త మెత్తగా ఉంటుంది, ఒప్పుకుంటాను. ఏడు అంగుళాల్లో ఆ మెత్తదనం కళ్లకు బాగానే ఉంటుంది.

నిదానస్తుడు:

మీరంతా తెరల చుట్టూ తిరుగుతున్నారు. నేను క్యాసెట్ల వైపు నుంచి ఒక మాట చెబుతాను. ఉన్న ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ కార్ట్రిడ్జ్ రీడర్ ఒకటి తగిలిస్తే క్యాసెట్‌లోని ఆటను చదివి కంప్యూటర్‌లోనే ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్) మీద ఆడవచ్చు. గేమ్‌బాయ్ క్యాసెట్లకు జీబీ ఆపరేటర్ లాంటివి ఉన్నాయి. ఆర్డుయినో మెగా బోర్డు మీద సొంతంగా కట్టుకునే ఓపెన్ సోర్స్ రీడర్ కూడా ఉంది. ఆట అదే క్యాసెట్ నుంచి వస్తోంది కాబట్టి మీ నియమమూ తప్పదు.

రెండు_సెల్లులు:

ఎక్కడో ఉన్న ముక్కును తల చుట్టూ చేయి తిప్పి పట్టుకున్నట్టుంది. క్యాసెట్‌ను కాపీ తీసి, క్యాసెట్‌ను పక్కన పెట్టి, కీబోర్డు మీద ఆడేటట్లయితే క్యాసెట్‌తో ఆడినట్టు ఎలా అవుతుంది? పైగా 60 పిన్నుల నకలు క్యాసెట్లను చదవడం అంత తేలిక కాదని మీకూ తెలుసు.

నిదానస్తుడు:

తెలుసు. ఆ క్యాసెట్లలో ఆటను ముక్కలుగా విడగొట్టి చూపే మ్యాపర్ ఏ రకానిదో రీడర్‌కు ముందే చెప్పాలి, నకళ్లలో అది కనుక్కోవడమే ఒక పని. అందుకని పెద్ద క్యాసెట్ల విషయంలో చిన్నతెర గారితో ఏకీభవిస్తున్నాను.

నేను ఆలోచిస్తున్నది పోకెమాన్ రెడ్ గురించి. అందులో ఆటగాడు దాచుకున్న ఆట ఒక చిన్న మెమరీ చిప్పులో ఉంటుంది, దాన్ని క్యాసెట్ లోపల టంకం వేసిన నాణెం బ్యాటరీ ఒకటి నిలబెడుతుంది. బ్యాటరీ అయిపోతే ఆట నడుస్తుంది గానీ దాచుకున్నది పోతుంది. అదే వరుసలోని గోల్డ్, సిల్వర్ క్యాసెట్లలో ఆ బ్యాటరీయే గడియారాన్నీ నడపాలి కాబట్టి ఇంకా ముందే అయిపోతుంది. రెడ్‌లో గడియారం లేదు, అందువల్ల ఇన్నేళ్ల తరువాత కూడా బతికి ఉన్నవి నేను చూశాను. కొత్త యంత్రంలో పెట్టగానే "కొత్త ఆట" నొక్కి సేవ్ చేయకండి, పాతది ఉంటే దాని మీద రాసేస్తుంది. ముందు "కంటిన్యూ" అనే వరుస కనబడుతోందో లేదో చూడండి.

పెట్టేముందు పిన్నులు తుడవండి. 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ కొద్దిగా తడిపి, పిన్నుల పొడవునా రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. మనమంతా చిన్నప్పుడు చేసినట్టు నోటితో ఊదకండి. ఆ తేమ పిన్నుల మీద చేరి తుప్పు పట్టిస్తుంది.

పెట్టెలో_పదకొండు:

మూడు వారాల తరువాత తిరిగి వచ్చాను, ఆలస్యానికి క్షమించండి. మీ మాటలన్నీ కలుపుకుని ఒక నిర్ణయానికి వచ్చాను. 7 అంగుళాల కారు తెర, దానికి 12 వోల్టుల అడాప్టర్, కన్సోల్‌కు మధ్య మైనస్ ఉన్న 9 వోల్టుల అడాప్టర్, వాడిన సాదా గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఒకటి. స్పీకర్ ఇంట్లోనే ఉంది.

తెరను కలపగానే బొమ్మ వచ్చింది కానీ నలుపు తెలుపుల్లో వచ్చింది. చిన్నతెర గారు చెప్పిన రెండో తీగలోకి మార్చి చూశాను, అందులో ఏమీ రాలేదు. తెర కింది బటన్లతో మెనూ అంతా వెతికితే టీవీ రంగుల పద్ధతి ఎన్‌టీఎస్‌సీ అని బిగించి ఉంది. మా కన్సోల్ పాల్ అనే రెండో పద్ధతిది కాబోలు. దాన్ని "ఆటో"కు మార్చిన క్షణంలో ఇటుకలు ఇటుకరంగులోకి వచ్చాయి.

ఏడు క్యాసెట్లలో ఐదు మొదటిసారికే నడిచాయి. ఒకటి తుడిచాక నడిచింది, దూదికి అంటిన నలుపు చూస్తే ఇన్నేళ్లూ అది ఎలా నడిచిందా అనిపించింది. ఒకటి ఎంత తుడిచినా బూడిదరంగు తెర దగ్గరే ఆగిపోతోంది. రెండు అడాప్టర్ల పిన్నులూ చూడటానికి ఒకేలా ఉండటంతో ఒకసారి పొరపాటున 12 వోల్టులది కన్సోల్ దాకా తీసుకెళ్లాను. గుచ్చలేదు. ఇప్పుడు దానికి ఎర్ర దారం చుట్టి ఉంచాను.

టంకం_కడ్డీ:

దారం మంచి పని. లోపల 7805 రెగ్యులేటర్ ఉంటే 12 వోల్టులు పెట్టినా వెంటనే కాలకపోవచ్చు. కానీ అది బయటి వోల్టులను 5కు దించి మిగిలినదంతా వేడిగా వదులుతుంది. 9 నుంచి దించేటప్పుడు 4 వోల్టుల వేడి, 12 నుంచైతే 7 వోల్టులది. గంటసేపు ఆడితే తేడా చేతికే తెలుస్తుంది. ఆ ఏడో క్యాసెట్‌ను మరో కన్సోల్‌లో చూసే అవకాశం వచ్చేదాకా పారేయకండి, లోపం గూటి పిన్నులది కూడా కావచ్చు.

రెండు_సెల్లులు:

అడ్వాన్స్ సంగతి చెప్పలేదు మీరు. గేమ్‌బాయ్ ఆటలో ఎల్, ఆర్ బటన్లతో బొమ్మను అడ్డంగా సాగదీయవచ్చు, తిరిగి మామూలుగా చేయవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియదు.

పెట్టెలో_పదకొండు:

సాగదీసి చూశాను, టెట్రిస్ దిమ్మెలు లావెక్కాయి, వెంటనే వెనక్కి మార్చాను. మీరు అన్నట్టే కిటికీ పక్కన కూర్చుంటే తెర బాగుంది, రాత్రి పూట టేబుల్ దీపం కిందికి చేరుతున్నాను.

పోకెమాన్ రెడ్‌లో "కంటిన్యూ" ఉంది. నొక్కితే అన్నయ్య పేరు, 5 బ్యాడ్జీలు కనబడ్డాయి. ఫోటో తీసి అన్నయ్యకు పంపాను. ఇప్పుడు ఆ బ్యాటరీని మార్చించాలా?

నిదానస్తుడు:

మార్చాలి, కానీ ఇప్పుడే కాదు. బ్యాటరీ ఊడదీసిన క్షణంలో ఆ సేవ్ పోతుంది. ముందు రీడర్‌తో సేవ్ ఫైల్‌ను కంప్యూటర్‌లోకి తీసి, కొత్త బ్యాటరీ వేశాక అదే రీడర్‌తో తిరిగి క్యాసెట్‌లోకి రాయాలి. లోపలి బ్యాటరీకి రెండు రేకులు అతికించి ఉంటాయి కాబట్టి, కొత్తది కూడా రేకులున్నదే తెప్పించండి. వట్టి బ్యాటరీ మీద నేరుగా టంకం వేయడానికి చూడకండి, ఆ వేడికి అది పగలవచ్చు. క్యాసెట్ విప్పడానికి 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ మొన కావాలి, మామూలు స్క్రూడ్రైవర్ దానికి పట్టదు.

పెట్టెలో_పదకొండు:

అలాగే చేస్తాను. రీడర్‌ను అన్నయ్యే కొని పంపుతానన్నాడు. అది వచ్చేదాకా పోకెమాన్‌ను పెట్టెలోనే ఉంచుతున్నాను, దాని పక్కనే నడవని ఏడో క్యాసెట్ కూడా ఉంది. మిగతా తొమ్మిదీ ఆడుతున్నాము.